నీళ్ళు తేటగా వచ్చేదాకా

ఆదివారం కూరకు తెచ్చిన మాంసాన్ని భువనేశ్వరి నాలుగోసారి కడుగుతోంది. నెత్తురు ఛాయ లేకుండా, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలని మొగుడి కట్టడి. వీధి కుళాయి నుంచి బిందెలు మోసేది మాత్రం ఆమే. నెలకు పదిరోజులు ఆగకుండా ముట్టయి, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేదీ ఆమెకే. ఒంట్లో నెత్తురు సగానికి సగం లేదని డాక్టరమ్మ చెప్పిందని తెలిసి, తల్లి పెంచలమ్మ పొద్దున్నే పుత్తూరు నుంచి బస్సులో మేకనెత్తురు వేపుడు తెచ్చింది. "జాతరలో బలిచ్చింది కాదు నాయనా, అంగట్లో కొనింది" అని అల్లుడికి ముందే చెప్పుకుంది పాపం. అల్లుడు శాంతయ్య మూత తీసి చూసి, గిన్నెను వీధి కాలవలో వంచేశాడు. పెంచలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

భువనేశ్వరి ఆ ఖాళీ గిన్నెను తెచ్చి బోర్లించింది. రెండేళ్ళ కిందట, తొంభై ఏడులో, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు ముట్టయితే మూడురోజులు మగ్గాల గదిలో మూలన కూచునేది. అవమానమే. అయినా అబద్ధమెందుకు, నడుముకు సెలవు దొరికేది ఆ మూడురోజులే. బాప్తిస్మమైన నెలలోనే అత్త చంద్రకాంతమ్మ తేల్చేసింది: "యేసులోకి వచ్చినాక ముట్టూ లేదు, అంటూ లేదు. లేసి పొయ్యి అంటించు." బైబిల్లోని పాత ధర్మశాస్త్రం రద్దయిపోయిందట. పిచ్చిది, అప్పుడు సంబరపడింది కూడా. మరి నెత్తురు సంగతో? "యేసు శిష్యులు, అపొస్తలులు గూడా వద్దన్నారు. అది వేరే" అన్నాడు శాంతయ్య. పక్కవీధి చర్చి సంఘంలో భానుశ్రీ వాళ్ళు, నోట్లోకి పోయేది మనిషిని చెరపదని నిశ్చింతగా తింటారు. పుస్తకం ఒకటే, అర్థం మాత్రం వీధికొకటి.

"యాడ రాసుండాదో సూపించు" అంది మొగుడితో.

శాంతయ్య బైబిలు తెచ్చి, లేవీయకాండం పదిహేడో అధ్యాయం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదో, సదువు. ఏ రక్తమూ తినకూడదని ఉండాదా, లేదా?"

ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. వేలు పెట్టి నిదానంగా చదివింది. ఆపైన ఒక్క ఆకు వెనక్కి తిప్పింది. మళ్ళీ వేలు ఆగింది.

"రక్తస్రావమైన ఆడది ఏడు దినాలు కడగా, ఎడంగా ఉండవలెనంట. ఆమెను ముట్టినోళ్ళంతా అపవిత్రులంట."

"అది పాత సట్టమే, ఇప్పుడు లేదు" అంది పక్కనే ఉన్న అత్త గబుక్కున.

"ఒక్క ఆకు సందులో కొత్తదైపోయిందా అత్తా?"

భువనేశ్వరి మాంసం గిన్నెను మొగుడి వైపు జరిపి, చాప చంకన పెట్టుకుని మగ్గాల గది గడపలో ఆగింది.

"నెత్తురు సంగతి దేవుడు సెప్పినట్టే సేద్దాం. నాకు నిన్న మొదులైంది, ఇంకా ఆరు దినాలుండాయి. నిన్నట్నించి మీరు తిన్నిందంతా నేను ముట్టిందే."