మంచు కుట్టిన అంగీ

1887 మార్చి 14, సోమవారం. ఇంగ్లండులో, సస్సెక్స్ మెట్టల మీది మా ఊళ్లో ఆ పొద్దున పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఉన్న దడి కనిపించలేదు. ఆసామి ఎలియట్ గారి గోడకున్న వాతావరణ యంత్రం మాత్రం మంచి ఎండ అని చూపించింది. వాళ్ల నాన్న కొన్ననాటి నుంచీ అది ఎండే చూపిస్తోంది. అయినా ఎలియట్ గారు రోజూ దాన్ని వేలితో తట్టి, తల పంకించి, గొడుగు తీసుకుని బయటికెళ్లేవారు.

అలాంటి రోజు గొర్రెల్ని కొండకు వదలరు. దొడ్లోనే ఎండుగడ్డి పడేస్తారు. అందుకే కాపరి ట్రేటన్ కూతురు థర్జా ఇంట్లో ఉంది. తండ్రి మంచం పక్కన కూర్చుని, తన కాపరి అంగీ తనే కుట్టుకుంటోంది.

ట్రేటన్ క్రిస్మస్ ముందు కొండ మీద జారిపడ్డాడు. తుంటి విరిగింది. అప్పటి నుంచీ మందను థర్జాయే చూస్తోంది. కాపరి ఇల్లు కాపరిదే. మంద వేరొకరి చేతికెళితే ఇల్లూ వెళ్తుంది, ట్రేటన్ బీదల ఆశ్రమానికి వెళ్లాలి. "సెప్టెంబరు ఆఖరుకి తేలుస్తాను. నువ్వో, మీ పెదనాన్న కొడుకు జాబెజో" అన్నారు ఎలియట్ గారు. జాబెజ్‌కి అంగీ ఉంది. థర్జాకి లేదు. సొంత అంగీ లేనివాళ్లను మా వైపు ఎవరూ కాపరి అనరు. తండ్రిది వేసుకోవడానికి లేదు. కాపరి అంగీ కాపరితోనే మట్టిలోకి పోతుంది.

మా అంగీకి ముందూ వెనకా ఒకటే. ఆరు రోజులు ఒక వైపు వేసుకుని, ఆదివారం తిప్పి వేసుకుని చర్చికి వెళ్లొచ్చు. నారబట్టను చదరాలుగా కోస్తారు, పిసరు కూడా వృథా కాదు. అసలు పనంతా ఛాతీ మీద బట్టను మడతలుగా దగ్గరకు లాగి కుట్టే కుచ్చుల్లోనే. కుచ్చు పట్టి కుట్టేటప్పుడు ఆనాటి వాతావరణం అందులో ఉండిపోతుంది కనుక, మబ్బు పట్టగానే మా ఆడవాళ్లు సూది పక్కన పెట్టేస్తారు. చర్చిలో వాయులీనం వాయించే ఆయనకు భార్య తొందరపడి ఈదురుగాలిలో కుట్టింది. పాపం ఆయన తల మీద టోపీ ఒక్కరోజు నిలవలేదు. ట్రేటన్ అంగీ సంగతి వేరు. చనిపోయిన ఆయన భార్య దాన్ని జూన్ ఎండల్లో కుట్టింది. చలికాలమంతా పిల్లి దాని మీదే పడుకునేది.

"మంచులో కుట్టకే పిల్లా, మంచే పడుతుంది" అన్నాడు ట్రేటన్.

"ఎండ కాసిన రోజు నేను కొండ మీద ఉంటాను కదా నాన్నా. ఇంకెప్పుడు కుట్టను?"

"కెజియా అత్తనడగరాదూ?"

"అడిగాను. కాపరి అంగీ కాపరి ఇంట్లోనే కుట్టాలట. పైగా నా కుట్టు చూసి, గొర్రె నమిలినట్టుందే అంది."

ట్రేటన్ నవ్వి, దగ్గి, చెయ్యి చాపాడు. "ఆ కొస ఇలా ఇవ్వు. నేను దారం బిగించి పట్టుకుంటాను, నువ్వు కుట్టు." అలా మంచు దిగిన ప్రతి రోజూ ఆయన పడుకునే దారం పట్టుకున్నాడు, ఆమె కుట్టింది.

ఉన్ని కత్తిరించే రోజున థర్జా ఆ అంగీ వేసుకుని వచ్చింది. చేతుల్లోంచి, మెడలోంచి సన్నగా మంచు కారుతోంది.

"చెల్లీ, ఎక్కడున్నావమ్మా? ఒక్కసారి దగ్గు, వెతుక్కుంటాం" అన్నాడు జాబెజ్. అందరూ నవ్వారు. ఎలియట్ గారు నవ్వలేదు. "మందలోకి మంచు మోసుకొచ్చే మనిషికి మందనెలా అప్పగించను? గొర్రెలు తప్పిపోవూ?" అన్నారు.

ఇంటికొచ్చి ఆమె అంగీ విప్పి గోడకు తగిలించింది. దాని తడి చూసి ట్రేటన్ అన్నాడు: "నా మంచం పక్కన కూర్చోబట్టే కదే ఇలా అయింది."

"నేను కూర్చోవాలనే కూర్చున్నాను" అంది థర్జా.

ఆ వేసవిలో వాన పడలేదు. కొండ మీద మందకు ఆధారం మంచుగుంట ఒక్కటే. రాత్రిళ్లు దిగే మంచుతో నిండే గుంట అది. మంచూ దిగలేదు. ఆగస్టుకల్లా అడుగు బీటలు వారింది. జాబెజ్ బండి మీద కింది నుంచి నీళ్లు తోలాడు, గుర్రం కూలబడేదాకా తోలాడు. చివరికి ఎలియట్ గారు మందను సంతకు తోలేస్తానన్నారు. మంద పోతే కాపరి ఎందుకు, కాపరి ఇల్లెందుకు?

ట్రేటన్ గోడకున్న ఆమె అంగీని వేలితో చూపించాడు. "గుంటకు మంచే కదే కావాలి. నీ దగ్గర బోలెడుంది" అన్నాడు.

సాయంత్రం థర్జా ఎండిన గుంట మధ్యలో కూర్చుని, అంగీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో కుచ్చు దారమే కోసింది. ఒక్కో కుచ్చులోంచి ఒక్కో రోజు మంచు బయటికొచ్చి గుంట మీద పరుచుకుంది. మార్చి పద్నాలుగుదాన్ని ఆమె వాసనతోనే పోల్చుకుంది. అందులో వాళ్ల పొయ్యి పొగ ఉంది, నాన్న తుంటికి రాసిన మందు ఘాటుంది. ఆ కుచ్చు దగ్గర కాస్త ఆగింది. తర్వాత అదీ కోసింది.

తెల్లారేసరికి గుంటలో నీళ్లు మోకాలిలోతున్నాయి. మంద మొత్తం చుట్టూ చేరి తాగుతోంది. ఎలియట్ గారు కొండెక్కి వచ్చి, చెయ్యి ముంచి చూసుకున్నారు. "మీ నాన్న మంచం కదపక్కర్లేదు" అని దిగి వెళ్లిపోయారు.

కుచ్చులు పోయిన అంగీ దుప్పటంత వెడల్పయింది. ట్రేటన్ దాన్ని తడిమి చూశాడు. "నాది నువ్వు వేసుకో. నేను పోయాక నన్ను దీంట్లో చుట్టు" అన్నాడు.

"ఊళ్లోవాళ్లు ఏమంటారు నాన్నా?"

"నేను వినను కదే."

అక్టోబరులో, ఆకాశం తేటగా ఉన్న ఒక పొద్దున, ఆయన పోయాడు. ఆయన కోరినట్టే దుప్పటంత అంగీలో చుట్టి, ఆదివారాలు చర్చికి ఎందుకు రాలేదో పైన దేవుడు అడిగితే చూపించడానికి, మా ఆనవాయితీ ప్రకారం చేతిలో గుప్పెడు ఉన్ని పెట్టారు. మందా, ఇల్లూ, చేతికర్రా, జూన్ ఎండల అంగీ థర్జా చేతికొచ్చాయి. గొర్రెల మెడగంటలు జాబెజ్‌కి ట్రేటన్ రాసిచ్చాడు, బండి తోలినందుకు. పిల్లికి ఏమీ దక్కలేదు. ఆ చలికాలమంతా అది ఇదివరకు ఆ అంగీ ఉండే ఖాళీ బల్ల మీద కూర్చుని, కొండ మీది నుంచి థర్జా ఎప్పుడు దిగొస్తుందా అని తలుపు వైపే చూస్తుండేది.