కవరు కట్టిన అతుకు

పెందుర్తిలో వాన వెలిసిన పొద్దున అబ్బులు గోడ అవతలి నుంచి పిలిచాడు.

"బావా, దండెం ముట్టుకుంటే జిల్లుమంటంది. ఓ పాలి సూడవా?"

ఆటోనగర్‌లో కరెంటు పని చేసే తవిటయ్య అరుగు మీంచి కదల్లేదు. ఏడాదిగా ఆ మనిషితో మాటల్లేవు. పోయిన వానల్లో, రెండిళ్ల మధ్య కట్టిన ఇనప తీగ మీద తడిచీర ఆరేస్తూ తవిటయ్య భార్య కాశమ్మ షాకు కొట్టి పోయింది. అబ్బులు తన పెరటి లైటు వైరు అతుక్కి పాలకవరు చుట్టి, ఆ తీగకే ఆనించి వదిలెయ్యడం వల్లే. తీసెయ్యమని తవిటయ్య ముందే చెప్పాడు. "తడవకుండా కట్టాను బావా, భయమేటి?" అని అబ్బులు నవ్వాడు. కాశమ్మ పోయాక అదే తీగను తన పెరట్లో దండెంగా కట్టుకున్నాడు.

ఆ దండెం కింద అబ్బులు పెళ్లాం మంగాయమ్మ తడిబట్టల బకెట్టుతో నిలబడి ఉంది. ఆమెను చూసే తవిటయ్య లేచాడు. అబ్బులు ఇంటి మెయిన్ స్విచ్చి ఆపి నిచ్చెన ఎక్కాడు. దండేనికి ఆనిన అతుకు మీద మళ్లీ పాలకవరే. కోస్తే గ్లాసెడు నీళ్లు కారాయి.

"నీళ్లు ఎలాగైనా లోపలికి పోతాయి. బయటికొచ్చే దారే నువ్వు కట్టేసినావు."

అతుకు లేని కొత్త వైరు దండేనికి దూరంగా లాగాడు.

"తప్పయిపోనాది బావా. అప్పుడు కూడా..."

"బావా అనకు."

మెయిన్ వేశాక మంగాయమ్మ తీగ ముట్టుకోడానికి జంకింది. తవిటయ్య టెస్టర్ పెట్టి చూసి, తర్వాత ఉత్త చేత్తో పట్టుకున్నాడు. ఏమీ కాలేదు.

"ఆరేసుకో తల్లీ," అన్నాడు గానీ, తీగను వెంటనే వదల్లేకపోయాడు.