గోలి మింగేదాక

విజయదుర్గ అంకెల్ని మూడోసారి కింది నుంచి పైకి చదువుతోంది. పై నుంచి చదివితే కళ్లు తాము అనుకున్నదే చూస్తాయని ఆమె నమ్మకం. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేస్తుంది. రైతు బజారులో టమాటాలు కొంటే పక్క కాటా మీద మళ్లీ తూయించుకుంటుంది. ఎల్బీనగర్‌లో మేడ మీది ఈ చిన్న పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా డాక్టర్ల లెక్కలు సరిచూసి, సదస్సులకు సారాంశాలు రాసి పంపుతోంది. రచయితల వరసలో ఆమె పేరు ఒక్కసారీ పడలేదు.

వైద్య గణాంకాల (బయోస్టాటిస్టిక్స్) సదస్సుకు సారాంశాలు పంపే గడువు ఈ సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. విషయం రక్తపోటు మీద ఇంకా సాగుతున్న అధ్యయనం. సగం మంది రోగులకు మాత్ర వేసుకోమని రోజూ ఫోనులో సందేశం వెళుతుంది, సగం మందికి వెళ్లదు. ఎవరికి బీపీ తగ్గిందన్నదే ప్రశ్న.

సందేశం వెళ్లని వాళ్లలో గడ్డిఅన్నారం గల్లీల్లోని పద్దెనిమిది మందికి మాత్రం అందరికంటే బాగా తగ్గింది. నెలనెలా ఇళ్లకు వెళ్లి వాళ్ల బీపీ చూసి రాసేది కేంద్రం కార్యకర్త అంతయ్య.

"అతను ఇంట్లో కూర్చుని రాసుంటాడండీ. ఆ పద్దెనిమిదీ తీసేయండి, ఫలితం శుభ్రంగా వస్తుంది" అన్నాడు డాక్టర్ త్రినాథరావు పొద్దున్నే.

దొంగలెక్క రాసేవాళ్ల చేతికి సున్నాలూ అయిదులూ ఎక్కువ తగులుతాయి. అంతయ్య కాగితాల్లో 127, 133, 129. అంత తెలివిగా రాశాడా? అసలు డాక్టరుకి తీసేయాలన్న తొందరెందుకు? ఇద్దరినీ నమ్మలేక, బీపీ మిషను సంచిలో వేసుకుని విజయదుర్గ ఆటో ఎక్కింది.

పండ్ల మార్కెట్ తరలిపోయాక వెలవెలబోయిన వీధి అది. ఒకప్పుడు అక్కడ బత్తాయిలు ఏరిన రాములమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. విజయదుర్గను ఎగాదిగా చూసింది.

"నువ్వెవరమ్మా? అంతయ్యకేమన్న అయిందా?"

"ఏమీ కాలేదమ్మా. ఆయన పనిచేసే ఆఫీసు నుంచే వచ్చాను. నెలకోసారి వస్తాడా?"

"నెలకోసారేంది? దినాం పొద్దుగాల ఒస్తడు. నేను గోలి మింగేదాక గడప దిగడు. నోరు తెరిచి సూపియ్యాలె. శిన్నపోరికి జేసినట్టు జేస్తడు."

విజయదుర్గ పట్టీ చుట్టి బీపీ చూసింది. 128. మరో రెండిళ్లు తిరిగింది. రెండుచోట్లా అదే మాట.

తిరుగు ఆటోలో ఆమెకు భర్త గుర్తుకొచ్చాడు. బాపిరాజు ఆలస్యంగా వస్తే అనుమానించేది, ఫోను బోర్లా పెట్టినా అనుమానించేది. "మాత్ర వేసుకున్నావా?" అంటే "వేసుకున్నాను" అనేవాడు. ఆ ఒక్కమాట మాత్రం నమ్మింది. అతను పక్షవాతంతో చనిపోయాక నెల రోజులకు బీరువా జరిపితే గోడవారన విప్పని మాత్రల పట్టీలు ముప్పై పైనే కనిపించాయి.

ఆఫీసు మెట్ల మీద అంతయ్య నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, చెమటకు అంటుకుపోయిన చొక్కా. ఎవరో ఫోను చేసి చెప్పేసినట్టున్నారు.

"వాళ్లకి గుర్తు చేయకూడదని మీకు చెప్పారుగా అంతయ్యా?"

"చెప్పిన్రు మేడమ్."

"మరి?"

"రాములమ్మ ముంగట గోలీలు అట్లనే ఉంటయి. సూసి, బీపీ రాస్కొని ఎట్ల పోవాలె? నాకు చాతగాలె." తల దించుకున్నాడు. "అంకె మాత్రం ఒక్కటి గూడ అబద్ధం రాయలె."

"తెలుసు" అంది విజయదుర్గ. ఇంత తేలిగ్గా ఆమె ఎవరితోనూ ఆ మాట అనలేదు.

సారాంశం రెండువందల యాభై మాటలు దాటకూడదు. డాక్టరు రాసిన మెచ్చుకోళ్లన్నీ కొట్టేసి ఆ చోట ఒక వాక్యం చేర్చింది: పద్దెనిమిది మందికి మా కార్యకర్త స్వయంగా రోజూ గుర్తు చేశాడు, వారి ఫలితాలు వేరుగా చూపుతున్నాం.

త్రినాథరావు చదివి ముఖం చిట్లించాడు. "మన తప్పు మనమే చాటుకోవాలా?"

"తీసేస్తే నేను పంపను సార్. మీరే పంపుకోండి."

ఎలా పంపాలో ఆయనకు తెలియదు. గడియారం వైపు చూశాడు. నాలుగున్నర.

"సరే, ఉండనివ్వండి. కానీ నియమం తప్పినవాణ్ని నేను ఉంచుకోలేను. ఇవాళ్టితో మానేయమనండి. అధ్యయనం అయ్యేదాకా ఆ గల్లీల్లో అతను కనపడకూడదు."

ఆ మాటలో తప్పు పట్టడానికి విజయదుర్గకేమీ దొరకలేదు. అంతయ్య నియమం తప్పినట్టు కాగితం మీద పెట్టింది తనే. ఐదుకి పది నిమిషాలుండగా బటన్ నొక్కింది.

డాక్టరు మాట చెప్పగానే అంతయ్య మిషను, సంచి, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాడు. "మీరు నిజం రాసిన్రు మేడమ్. గంతే చాలు" అని చెప్పులు వేసుకున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కొంతసేపు వినబడి, కింద బస్సుల హారన్లలో కలిసిపోయింది.

విజయదుర్గ అతని సంచి తీసి బీరువాలో పెట్టబోయింది. అడుగున ఏదో చేతికి తగిలింది. మడతలు నలిగిన నోటుబుక్కు కాగితం. వంకర అక్షరాలతో పద్దెనిమిది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక మాట. మొదటి పేరు రాములమ్మది, పక్కన "చాయ్ తాగినంక. గోలి నాలిక కింద దాస్తది, సూడాలె" అని ఉంది.