రన్‌వే మీద ఆరబోసిన ధాన్యం

అంబులెన్సు వచ్చి చాలాసేపయింది. ప్రభుదాసు శవాన్ని మాత్రం ఎవరూ ఎత్తనివ్వలేదు.

తాడేపల్లిగూడెం పాత రన్‌వే మధ్యలో, ఆరబోసిన రెండో పంట దాళ్వా ధాన్యం మీద పడివున్నాడు ముసలాయన. మొహం మీద ఎవరో తువ్వాలు కప్పారు. కారు చక్రాల చాళ్ళు రెండు ధాన్యాన్ని చీల్చుకుంటూ ఆయన దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయాయి. చుట్టూ జనం కూర్చున్నారు. గుడ్ ఫ్రైడే ప్రార్థన మధ్యలోంచి లేచివచ్చిన తెల్లచీరలు, మసీదు నుంచి పరుగెత్తుకొచ్చిన టోపీలు. అందరూ ప్రార్థనకి పోయిన ఆ పూట ధాన్యానికి కాపలాగా మిగిలింది ప్రభుదాసు ఒక్కడే. సరిగ్గా ఆ పూటే వచ్చింది కారు.

"గుర్తు తెలియని వాహనం అని రాసుకుంటాను. మిగతాది దర్యాప్తులో తేలుద్ది. ముందు బాడీని లేపనివ్వండమ్మా," అన్నాడు ఎస్సై.

"గుర్తు తెలియకపోడం ఏంటండీ?" అంది రత్నకుమారి. "గేటూ వాళ్ళదే, తాళమూ వాళ్ళదే. లోపలికొచ్చిన కారు ఇంకెవరిదండీ?"

"వాళ్ళంటే ఎవరమ్మా? పేరు చెప్పు, రాస్తాను."

రత్నకుమారి తువ్వాలు అంచు సర్దింది. చచ్చిపోయినవాడు ఆమె తండ్రి. పేరు లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే ఆయన చావు ఈ ధాన్యంతోపాటే ఊడ్చుకుపోతుంది. ఆమె ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. మిగిలింది అలసట. ఆ అలసట ఇవాళ్టిది కాదు.

వాళ్ళది కొల్లేటి లంక. చేపల చెరువుల మీద కూలికి బతికారు. ప్రభుత్వం చెరువుల గట్లు తెగ్గొట్టాక పని పోయి గూడెం చేరారు. అప్పుడూ ఆ చెరువుల అసలు యజమాని ఎవరో చెప్పిన నాథుడు లేడు. ఇక్కడి రన్‌వే యుద్ధకాలంలో తెల్లవాళ్ళు పోసింది. విమానాలు పోయాక చుట్టుపక్కల కూలీలకీ కౌలుదార్లకీ అదే కళ్ళమైంది. కోతకూలి కింద వచ్చిన గింజలు ఇక్కడ ఎండితేనే ఇంట్లో అన్నం. అలాంటి రన్‌వే చుట్టూ పోయినేడు కంచె లేచింది. కంచె ఎవరిదంటే కాంట్రాక్టరుదన్నారు. కాపలావాళ్ళు ఏజెన్సీ మనుషులన్నారు. లీజు ఎవరూ పేరు వినని ఇంకో కంపెనీదన్నారు. రత్నకుమారి కలెక్టరాఫీసుకి వెళ్ళిన ప్రతిసారీ ఒక పేరు మోసుకెళ్ళి, దాంతో మాకు సంబంధం లేదన్న మాట మోసుకొచ్చేది.

చిక్కుముడి విప్పింది షాకిర్. దూరాన ఒక పెద్ద విమానాశ్రయంలో ట్రాలీలు తోసే పని చేసి, సంఘం పెట్టబోయి ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాడు. నభోవాహ అనే కంపెనీ చేతిలో అయిదు విమానాశ్రయాలున్నాయనీ, గూడెం ఆరోది కాబోతోందనీ, కంచె గురించి జనం పెట్టుకున్న మీటింగులో చెప్పాడు. ఒక్కో విమానాశ్రయానికీ ఒక్కో పిల్ల కంపెనీ. దానికింద పార్కింగుకొకటి, దుకాణాలకొకటి, కాపలాకొకటి. ప్రయాణికులు కట్టే రుసుమూ, టీకొట్ల అద్దే అన్నీ మెట్లెక్కి పైకి పోతాయి. తప్పు మాత్రం కింది మెట్టు దాటదు. ఒకచోట గోడ కూలి కూలీలు చస్తే, ఆ గోడ కట్టించిన పిల్ల కంపెనీని మూసేసి మర్నాటికి ఇంకో పేరుతో తెరిచారట. అన్నిటి మీదా ఉండేది వేణుధర్ అనే ఒకే ఒక్కడు. ఈ డెల్టాలోనే పుట్టినవాడు. ఏ బోర్డు మీదా ఆయన పేరుండదు.

ముసలి ఎలిజబెత్ అప్పుడు తల గోక్కుంటూ, పేనన్నమాట, కుడతాడు గానీ కనపడడు అంది. జనం నవ్వారు. నవ్వి, ధాన్యం ఎప్పట్లా రన్‌వే మీదే ఆరబోశారు. కంచెకి గండి కొట్టి మరీ.

ఇవాళ నవ్వేవాళ్ళు లేరు.

గేటు వైపు నుంచి జీపొచ్చింది. దిగింది కంచె కాంట్రాక్టరు అబ్బాయిరాజు. ఒకణ్ణి రెక్క పట్టుకుని ముందుకు తోశాడు. తెల్ల యూనిఫాం డ్రైవరు, ముప్పయ్యేళ్ళుంటాయేమో.

"ఏడుకొండలని వీడి పేరు. కారు తోలింది వీడే. తాగున్నాడో, నిద్రమత్తో, గుద్దేసి పారిపోయేడు. మేమే పట్టుకొచ్చి అప్పజెప్తున్నామండి. ఇంక శవాన్ని లేపండి, రన్‌వే ఖాళీ చెయ్యండి," అన్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళ చిన్న విమానం మధ్యాహ్నం ధాన్యాన్ని చూసి దిగకుండా తిరిగిపోయింది. సాయంత్రం మళ్ళీ వస్తుంది. అబ్బాయిరాజు తొందరంతా దానికే.

జనం ఒక్కసారి లేచారు. ఇన్నాళ్ళకి ఒక మొహం దొరికింది. ఎవడో ఏడుకొండలు కాలరు పట్టుకున్నాడు. రత్నకుమారి చెయ్యి కూడా లేచింది. వీడితో అయిపోతే బావుణ్ణనిపించింది ఆమెకి. నాలుగు తన్ని, శవాన్ని తీసుకుపోయి, రేపు పాతిపెట్టుకుని, పడుకోవచ్చు.

లేచిన చెయ్యి అలాగే ఆగింది.

డ్రైవరు ఒకచోట నిలబడలేకపోతున్నాడు. ఏప్రిల్ ఎండకి కాలిన సిమెంటు మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు.

రత్నకుమారి చుట్టూ చూసింది. ధాన్యం మొదట్లో, యూనిఫాంతో వేసుకునే నల్లచెప్పుల జత ఉంది. విసిరేసినట్టు లేదు. పక్కపక్కన విప్పిపెట్టినట్టుంది. అక్కడినుంచి ధాన్యంలో పడివున్న పోగుచేసే చెక్క దాకా వట్టి పాదాల అడుగులున్నాయి.

ఈ నేల మీద గింజని చెప్పుకాలితో తొక్కేవాడు లేడు. పసిపిల్లలకైనా ముందు అదే నేర్పుతారు.

"వదలండి వాణ్ణి," అంది. "గింజల మీదికి రావడానికి చెప్పులు విప్పినోడు, కారుతో తొక్కుతాడా?"

కాలరు మీది చెయ్యి జారింది. ఏడుకొండలు అక్కడే గొంతుక్కూర్చుని మొహం కప్పుకున్నాడు. రత్నకుమారి ఎదురుగా కూర్చుంది.

"మీదేవూరు బాబూ?"

"మాది ఉండి ఊరండి. మాకూ వ్యవసాయమేనండి." మొహం మీంచి చేతులు తీశాడు. "ధాన్యం చూసి నేను ఆపేశానండి. తాత ఎదురొచ్చి, కాసేపు ఆగితే పోగేస్తానన్నాడు. ఒక్కడే, ఏం పోగేస్తాడండి. నేనూ దిగి చెక్క పట్టుకున్నాను. కార్లోంచి సారు అరుస్తున్నారు, విమానం వచ్చేస్తందని. లాగుతూనే ఉన్నాను. ఇంతలో నా ఎనకాల కారు కదిలిందండి."

"ఎవరు కదిపారు?"

"ఎనక సీట్లో ఆయనే ముందుకొచ్చి..." అబ్బాయిరాజు వైపు చూసి ఆగిపోయాడు.

"ఒరేయ్, నీ పెళ్ళాం పిల్లలు ఉండిలో ఒంటరిగా ఉన్నారు. గుర్తుపెట్టుకుని మాట్లాడు," అన్నాడు అబ్బాయిరాజు మెత్తగా.

ఎలిజబెత్ మోకాళ్ళు పట్టుకుని లేచి, అబ్బాయిరాజుకీ డ్రైవరుకీ మధ్య నిలబడింది. ఆమె పక్కన షాకిర్ తల్లి పర్వీన్. ఆ తర్వాత ఒక్కొక్కరే అందరూ. కాంట్రాక్టరుకి ఇప్పుడు మనుషుల గోడే గానీ డ్రైవరు కనిపించడం లేదు.

"నువ్వు చెప్పకపోతే నీ పేరే రాసుకుంటారు," అంది రత్నకుమారి. "చెబితే మేమంతా వచ్చి మీ ఇంటిముందు కాపలా కూర్చుంటాం. కూర్చోడం మాకు అలవాటేలే."

ఏడుకొండలు ముందుకు వంగి ఆమె చెవిలో చెప్పాడు.

రత్నకుమారి కళ్ళు మూసుకుంది. ఏడాదిగా ఆఫీసుల మెట్లమీద వెతికిన పేరు. తెలిసిన పేరే. చెప్పడానికి సాక్షి లేని పేరు.

"ఏమంటున్నాడు? నాకు వినపడలేదు," అన్నాడు ఎస్సై. నిజానికి ఆయనకి వినాలని లేదు.

ఆమె లేచింది. ఎస్సైకి ఎదురుగా నిలబడింది.

"రాయండి ఎస్సై గారూ. పిల్ల కంపెనీ పేరొద్దు. ఏజెన్సీ పేరొద్దు. ఈ పిల్లోడి పేరు అసలే వద్దు. కారు తోలింది నభోవాహ యజమాని వేణుధర్. మా నాన్నని చంపింది వేణుధర్."

ఎస్సై కలం కదల్లేదు.

ఏడుకొండలు లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. "అవునండి. నేను చూశాను. వేణుధర్."

వెనకనుంచి ఎలిజబెత్ కూడా అదే అంది. తర్వాత పర్వీన్. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. రన్‌వే ఈ చివర్నుంచి ఆ చివరికి, అలిసిపోయిన గొంతులతోనే, అందరూ ఆ పేరే అన్నారు.

"వేణుధర్."