కెమెరాలోకి చూడకు

గోడల మీంచి కాగితం పూలు రాలుతున్నాయి. వానకి తడిసి, రోడ్డుకి అతుక్కుని... ఎర్రగా.

ఫిలింనగర్ ఎత్తు రోడ్డులో సత్యవతి వాటిని తొక్కుకుంటూనే నడిచింది. తప్పుకోవాలనిపించలేదు.

ఆ రోజూ వానే. గాలివాన.

షూటింగ్ కోసం ప్లైవుడ్డుతో కట్టిన కోట గోడ, లైట్లు మోస్తున్నవాళ్ళ మీద కూలింది. ఆమె భర్త శౌరి పోయాడు. రహమత్ నగర్‌లో వాళ్ళ పక్కింటి నీలమ్మ భర్త పోచయ్యా పోయాడు.

ఒకే గోడ.

ఊరూరా జనం చందాలిచ్చారు. ఆటోవాళ్ళిచ్చారు, బడిపిల్లలిచ్చారు. పోయినవాళ్ళ కుటుంబాలకని ఇచ్చారు. పంచే పెద్దరికం నిర్మాత రఘునందన్ తీసుకున్నాడు. యూనియన్ కార్డున్నవాళ్ళ ఇంటికి చెక్కు అన్నాడు. లేనివాళ్ళకి — చీర, బియ్యం బస్తా.

పోచయ్యకి కార్డుంది. శౌరికి లేదు.

కార్డు లేనివాళ్ళయితే కూలి తక్కువని శౌరిని పిలిపించుకున్నది ఈ రఘునందనే.

సత్యవతికి ఏడుపు రాలేదు. పగ వచ్చింది. అన్నం ముందు కూర్చున్నా పగే. మోకరించి ప్రార్థన మొదలుపెట్టినా... పగే.

ఏడవడమే ఆమె పని. సినిమాల్లో శవం చుట్టూ గుంపులో కూర్చుని ఏడుస్తుంది. మొదటి రోజే నేర్పారు — ఎంతైనా ఏడువు, కెమెరాలోకి మాత్రం చూడకు. చూశావా, షాట్ పాడు.

ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

చందాలు పంచుతున్న హాలు నిండా టీవీవాళ్ళు. లైవ్. రఘునందన్ మేనేజర్ భిక్షం ఆమె చెవిలో చెప్పాడు.

"సార్ చీర ఇస్తడమ్మా. జర ఏడువు. కెమెరా దిక్కు చూడకు."

"అలాగేనండీ."

నీలమ్మకి చెక్కు అందింది. తర్వాత సత్యవతిని పిలిచారు. రఘునందన్ చీర చాచాడు. కళ్ళలో కాస్త తడి కూడా తెచ్చుకున్నాడు.

సత్యవతి చెయ్యి చాచలేదు. ఏడవలేదు.

తల తిప్పి — కెమెరాలోకి చూసింది.

"చందాలిచ్చిన అమ్మలూ, అయ్యలూ... మీరిచ్చింది పోయిన మనుషులకండీ, కార్డులకి కాదు. మా ఆయన పేరు శౌరి. కార్డు లేకపోతే చవకని పిలిచింది ఈయనేనండీ. మీ డబ్బు మా గడపకి రాలేదు. ఈ చీర వచ్చింది."

కట్ చెప్పడానికి ఇది సినిమా కాదు.

రఘునందన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెకి హాయిగా ఉంది. దేవుడు క్షమించినా, క్షమించకపోయినా... హాయిగా ఉంది.

నీలమ్మ చెక్కు తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"మా ఆయన మీద పడ్డది గూడ గదే గోడ," అంది. సత్యవతి పక్కన నిలబడి, తనూ అటే చూసింది.

"లైట్లు బంద్ చెయ్యుండ్రి!" భిక్షం అరిచాడు.

లైట్ల దగ్గర శౌరితో కలిసి పనిచేసినవాళ్ళే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

అంత వెలుగులో, రఘునందన్ చీర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సత్యవతి చూపు తిప్పలేదు. ఆమె చెప్పుకి అంటుకొచ్చిన కాగితం పువ్వొకటి, వేదిక మీది తెల్ల తివాచీకి అతుక్కుని... ఎర్రగా.