సంగప్ప బొమ్మ కన్నీళ్లు

బొంరాస్‌పేట బీరప్పకు నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. ఆ పొద్దున కూడా భార్య బీరమ్మ దువ్వెనకు బెల్లంపాకం పూసి మరీ ఆమెతో తాండూరు బస్సెక్కాడు. అలాంటి మనిషి, మేనకోడలు పూజిత పనిచేసే మ్యూజియానికి వచ్చి బొమ్మను ఉత్తగా చూసి పోతాడా?

గొర్రెల మీద పన్ను కట్టేది లేదని నైజాం కాలంలో ఎదురు తిరిగిన సంగప్ప మ్యూజియం అది. నడిమి గదిలో గద్దె మీద, గొంగడి కప్పుకుని కూర్చున్న మనిషంత బొమ్మ. బీరప్ప దాని నోట్లో బీడీ పెట్టబోయాడు. తలకాయ ఊడి ఒళ్లో పడింది.

"అయ్యో మామా, నన్ను ముంచితివి! తనిఖీకి హైదరాబాద్ సారు వస్తుండు. ఆయన మంచిగ రాస్తెనే నా కొలువు నిలుస్తది!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. గా సంగప్ప ముసలోడే, నేనూ ముసలోన్నే."

బొమ్మను చీపుర్ల గదిలోకి ఈడ్చారు. బీరప్ప భుజం మీది తన గొంగడిని నెత్తి మీదుగా కప్పుకుని గద్దెక్కాడు. అప్పుడే జీపు ఆగింది.

సారు చుట్టూ తిరిగి చూశాడు. ముక్కు మీద ఈగ వాలినా బీరప్ప కదల్లేదు. ఇంతలో బజారుకు పోయిన బీరమ్మ కొత్త చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది. గొంగడి అంచున, ఎలుక కొరికినచోట తాను వేసిన ఎర్రదారం కుట్టు కనబడింది. ముప్పై ఏళ్లలో మొగుడు నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈ అదును వదులుతుందా? చేతులు జోడించింది.

"సంగప్ప తాతా, నా మొగడు ఒట్టి కోతి. నా దువ్వెనకు బెల్లం రాసిండు."

"చెప్పుకోమ్మా, చెప్పుకో" అని సారు పక్కకు జరిగాడు.

"గందుకే ఆయన పొట్టేలు రాజుగాన్ని మా అన్నకిచ్చేసిన. గిప్పటికి కూర ఉడుకుతుండొచ్చు."

సీసా పాలు పట్టి పెంచిన రాజుగాడు! బీరప్ప లేవబోయాడు. సారు వెనక నుంచి పూజిత దండం పెట్టింది. బీరప్ప కదల్లేదు గానీ, కన్నీరు కదిలింది. బొటబొటా మీసాల మీదికి కారింది.

"అరే! బొమ్మ ఏడుస్తోంది! లోపల మోటరు పెట్టారా?"

"అవును సార్. రోజూ నీళ్లు నేనే పోస్త" అంది పూజిత.

ఇంత పనిమంతురాలిని వదులుకోకూడదని సారు అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు.

జీపు కదలగానే బీరప్ప గద్దె మీంచి దూకాడు. "నా రాజుగాడేడే?"

"కొట్టంల గడ్డి మేస్తుండు. దువ్వెన జర యాదుంచుకో."

"మామా, గింకో ముచ్చట" అంది పూజిత నసుగుతూ. "వచ్చే నెల పెద్దసారును తోలుకొస్తడంట. బొమ్మ ఏడుసుడు చూపిస్తనంటుండు."

బీరప్ప బిక్కమొహం వేశాడు. "గప్పుడేం చెప్పి ఏడిపిస్తవే?"

"గప్పుడు చెప్పుడెందుకు?" బీరమ్మ కొత్త చెప్పుల వైపు మురిపెంగా చూసుకుంది. "రాజుగాన్ని నిజంగనే ఇచ్చేస్త."