తొక్కిన పత్తి

వానకు తడిసిన రెండో ఏరుడు పత్తిని ఎండబెడదామంటే మబ్బు విడవలేదు. పర్శరాములు దాన్ని మొదటి ఏరుడు పత్తి మీదనే వెనక గదిలో పోయించి, చోటు చాలక కూతురు జమునను ఎక్కించి తొక్కించాడు. ఇచ్చోడ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అట్లాగే తొక్కుతారు. ఆ గదిలో ఉన్నది ఏడాది పంట. అది అమ్ముడుపోతేనే జమున ఇంటరు చదువు సాగేది.

ఆరో నాడు పొద్దున జమున కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చటుక్కున తీసుకుంది.

"బాపూ, లోపల కాలుతున్నది!"

"కొత్త పత్తి గట్లనే వెచ్చగుంటది. నీ సదువు పత్తికి నేర్పకు."

"జర ఇను బాపూ. మూసిన గిన్నెల రసాయన చర్య ముందుకెంత నడుస్తదో ఎనుకకు గంతే నడుస్తదని మా సారు చెప్పిండు. గీడ ఎనుకకు మళ్లేదే లేదు. తడికి వేడి పుడుతున్నది, వేడికి ఇంకింత జోరైతున్నది. తొక్కినం గద, బయటికి పోయే తొవ్వ లేదు. విప్పుదాం, సల్లారుతది."

తల్లి లింగవ్వ కూడా చెయ్యి పెట్టి చూసింది. "పోరి చెప్పేది నిజమేనయ్యా. కమురు వాసనొస్తున్నది."

ముగ్గురూ తలుపు బార్లా తెరిచి కుప్పను నడిమికి చీల్చారు. పైన తెల్లగా ఉన్న పత్తి లోపల గోధుమరంగుకు తిరిగింది. ఇంకా లోతుకు పోతే నల్లగా ఉంది.

"ఇంకింత విప్పు బాపూ," అంది జమున.

నల్లటి చోట ఎర్రటి చుక్క ఒకటి కన్ను తెరిచింది. తలుపులోంచి గాలి తోసుకొచ్చింది. లింగవ్వ కూతురి రెక్క పట్టి బయటికి గుంజేసరికి మంట దూలాలకు ఎక్కింది. బోరింగు నుంచి మోసిన నీళ్లు ఏ మూలకూ చాలలేదు.

సాయంత్రం నాలుగు గోడలు మిగిలాయి. పర్శరాములు బూడిద ముందు గొంతుకూర్చున్నాడు.

"విప్పితే సల్లారుతదంటివి గదనే."

"వేడి పొయ్యే తొవ్వల గాలి అచ్చింది బాపూ. గా ముచ్చట నాకు యాదికే రాలే."

ఆయన, "తొక్కుమన్నది నేనే," అన్నాడు. మళ్లీ తనే అడిగాడు, "మీ సారు చెప్పిండంటివి... గిది ఎనుకకు రాదా బిడ్డా?"

"రాదు బాపూ."

జమున అరికాళ్లకు పత్తి నూగు ఇంకా అంటుకునే ఉంది.